నీలం పడ్డ డిస్కు

ఎర్రబండి వచ్చి షెడ్డు వాకిట్లో ఆగింది. అందులోంచి పిడుగు దిగింది. మేస్త్రి చేతిలోని పానా చేతిలోనే ఉండిపోయింది. పోయిన వారం కథను అక్కడ వదిలాం. మధ్యలో వచ్చి కూర్చున్నవారికి కాస్త వెనకటి సంగతి చెప్పాలి. ఈ మేస్త్రికి బ్రేకుల పని తప్ప మరొకటి పట్టదు. ఇంజను మూలుగుతోందని ఎవరైనా వస్తే పక్క షెడ్డుకేసి చెయ్యి చూపించి మళ్ళీ తన పనిలో పడిపోతాడు. పిడుగు ఆయన అక్క కూతురు. చదువు కోసం వచ్చి ఆయనింట్లోనే పెరిగింది. పిల్లలు లేని ఆ ఇంటికి తనే పిల్లయింది. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేసే ఉద్యోగం దొరికాక సొంత సంపాదనతో ఒక పాత కారు కొనుక్కుంది. చూడ్డానికి బుల్లి బండే కానీ, దానికి పెట్టిన ఇంజను పెద్ద బండికి పెట్టాల్సింది. పరుగు కోసమే పుట్టిన రకం. "బండి కావాలో మేం కావాలో తేల్చుకో" అన్నాడు మేస్త్రి. మామయ్య పెంకితనమే మేనకోడలికీ వచ్చింది కాబట్టి ఆ పిల్ల తేల్చుకుని, బండెక్కి వెళ్ళిపోయింది.

ఇది జరిగి ఏడాది పైమాటే. పిల్లతోపాటు ఇంట్లోంచి మాట కూడా వెళ్ళిపోయింది. మేస్త్రి భార్య పోట్లాడలేదు. పోట్లాడితే ఆయనకీ నాలుగు మాటలనే వీలుండేది. అడిగితే జవాబు, అడక్కపోతే కుట్టుమిషను చప్పుడు. ఆవిడ వీధిలో నలుగురికీ బట్టలు కుడుతుంది కాబట్టి ఆ చప్పుడుకు మాత్రం లోటు లేదు. ఆదివారం మధ్యాహ్నాలు స్నేహితురాలింటికని చెప్పి వెళ్ళి, చీకటి పడేలోపు వచ్చేసేది. ఏ స్నేహితురాలని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంకో దారిన నడిచేదేమో.

అందుకే ఎర్రబండిని చూడగానే మేస్త్రి ఒక్కటే అనుకున్నాడు. నోరు అదుపులో పెట్టుకోవాలి. బండి శుభ్రంగా బాగుచేసి ఇస్తే పిల్ల ఇంటికొస్తుంది. పిల్లొస్తే ఇంట్లో మాటొస్తుంది. ఈ వయసులో ఆయనకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

"బ్రేకు నొక్కితే స్టీరింగు వణుకుతోంది మామయ్యా," అంది పిడుగు, ఆయన మొహంకేసి కాకుండా గోడకు వేలాడుతున్న రబ్బరు గొట్టాలకేసి చూస్తూ. "ముందు డిస్కులు మార్చాలనుకుంటా. ఇవాళే అయిపోవాలి."

"చూద్దాం," అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క మాటతో ఆగగలిగినందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

జాకీ పెట్టి బండి లేపి, ముందు చక్రం విప్పి పక్కన పడుకోబెట్టాడు. చక్రం వెనక పళ్ళెంలాంటి ఇనప డిస్కు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు రెండువైపుల నుంచీ ప్యాడ్లు దాన్ని పట్టుకుంటే బండి ఆగుతుంది. ఆ పళ్ళెం చూసి బండి తోలే మనిషి ఎలాంటివాడో చెప్పేస్తాడని మేస్త్రికి పేరు. ఒక పెద్దమనిషి కారు డిస్కు చూసి "ఈయన రోజూ పెళ్ళాంతో పోట్లాడి బయల్దేరతాడు" అన్నాడని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నిజమెంతో ఆ పెళ్ళానికే తెలియాలి.

మేస్త్రి పిడుగు బండి డిస్కు మీదికి వంగాడు. అంచున గోరు ఆనేంత గట్టు కట్టింది. మెరవాల్సిన ముఖం మీద అక్కడక్కడ నీలం తిరిగింది. ఇనుము కాలిపోతే తప్ప ఆ రంగు రాదు. నీలం చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఇంకో పక్క సరిగ్గా ప్యాడు ఆకారంలో నల్లటి మచ్చ ఒకటి అచ్చు గుద్దినట్టుంది. మేస్త్రి కన్ను నీలం మీద పడి అక్కడే ఆగిపోయింది. మచ్చను చూశాడు కానీ పట్టించుకోలేదు. మందం కొలిచాడు. లేత్ మీద పెట్టి నునుపు చేయించుకునే దశ దాటిపోయింది. కొత్తవి వేయాల్సిందే.

అక్కడితో ఊరుకుంటే ఆయన మేస్త్రి ఎలా అవుతాడు?

"ఎంత స్పీడు మీద తోలుతున్నావు?" అన్నాడు.

"మామూలుగానే."

"మామూలుగా తోలితే ఇనుము నీలం పడదమ్మా. దూసుకెళ్ళడం, ఎవడో అడ్డొచ్చాడని బ్రేకు మీద ఎక్కి నిలబడడం. అందుకే ఆ రోజున చెప్పాను, ఈ బండి నీకొద్దని."

పిడుగు పేరుకు తగ్గ పిల్ల. చిన్నప్పుడు ఒక మాటంటే రెండు అనేది. అలాంటిది చేతులు కట్టుకుని నిలబడి, "సరే మామయ్యా. తప్పు నాదే అనుకోండి. ఏ డిస్కులు వేస్తే మంచిదో అది చెప్పండి," అంది.

ఆ 'అనుకోండి' దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. పిల్ల తగ్గింది కదా అని లోలోపల సంతోషించాడు.

షెడ్డుకు రెండు వాకిళ్ళ అవతల స్పేరు పార్టుల షాపుంది. దాని యజమానిని వీధంతా తళుకుల షావుకారంటారు. మెరిసే వస్తువు ఏదొచ్చినా ముందు గాజు బీరువాలో పెట్టి, తర్వాత దాని వల్ల ఏం ఉపయోగమో ఆలోచిస్తాడు. మేస్త్రీ పిడుగూ లోపలికి రాగానే ఆయన కళ్ళు ఎర్రబండి మీదుగా వెళ్ళి బీరువాలోని చిల్లుల డిస్కుల మీద ఆగాయి.

"ఆ బండికి ఇవే ఉండాలి మేస్త్రీ," అంటూ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ముఖమంతా వరసగా చిల్లులు, మధ్యలో ఎర్ర రంగు. "చక్రం సందుల్లోంచి కనపడితే ఆ అందమే వేరు. గాలి చిల్లుల్లోంచి ఆడుతుంది, వేడెక్కదు."

"జల్లెడ కూడా అందంగానే ఉంటుంది, అందులో నీళ్ళు కాచుకుంటామా?" అన్నాడు మేస్త్రి. "వేడికి పగులు మొదలయ్యేది చిల్లు దగ్గరే. ఇదివరకే పగుళ్ళు పట్టించిన మహాతల్లికి ఇవిస్తే నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది."

షావుకారు నొచ్చుకోకుండా గాట్లు పెట్టిన డిస్కు తీశాడు. అవి పందేల్లో తోలేవాళ్ళకని, వీధుల్లో తిరిగే బండికి ప్యాడ్లను బియ్యం కొరికినట్టు కొరికేస్తాయని మేస్త్రి దాన్నీ పక్కన పెట్టాడు. ఆఖరికి సాదా డిస్కులు వచ్చాయి. మేస్త్రి ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, షెడ్డులోంచి తెచ్చిన పాత డిస్కు మీద బోర్లించాడు. కొత్తది చుట్టూ బొటనవేలంత చిన్నదైంది.

"ఇది మామూలు మోడలుది," అన్నాడు. "బండి పేరు ఒకటే, ఒళ్ళు ఒకటే. కానీ పెద్ద ఇంజను పెట్టినదానికి డిస్కు కూడా పెద్దది పెట్టారు. పేరు చూసి ఇచ్చేస్తే ఎలా? అన్న చెప్పులు తమ్ముడికి తొడిగినట్టుంటుంది."

"పెద్దవి లోపల ఉన్నాయి, తెస్తా," అన్నాడు షావుకారు, తలగోక్కుంటూ.

అప్పుడు పిడుగు అడిగింది. "మామయ్యా, వీటిలో బాగా వేడికి ఆగేది ఏది? పొడుగాటి వాలు దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉన్నా సరే, తట్టుకోవాలి."

ఆమె అడిగింది పద్ధతైన ప్రశ్న. వేరేవాళ్ళు అడిగితే మేస్త్రి ఓపిగ్గా గంటసేపు చెప్పేవాడు. అడిగింది పిడుగు కావడంతో ఆయనకు ఇంకోలా వినపడింది. అంటే ఈ పిల్ల మారదన్నమాట, ఇంకా తోలుతుంది, ఇంకా కాలుస్తుంది. ఇంటికి రావలసిన పిల్ల ఏ మలుపులోనో పడి ఉన్నట్టు కళ్ళముందు కనపడింది. భయం వేసింది. ఆయనకు భయం వేస్తే బయటికి వచ్చేది కోపమే.

"వేడి డిస్కులో పుట్టదు, కాల్లో పుడుతుంది," అన్నాడు, షాపంతా వినపడేలా. "ఇలాంటి కాలికి ఏ డిస్కూ ఆగదు. ఈ కాలున్నవాళ్ళు అసలు స్టీరింగు ముట్టుకోకూడదు. ఇంట్లో కూర్చోవాలి."

"ఆ కాలు నాది," అంది వెనకనుంచి ఒక గొంతు.

గుమ్మంలో మేస్త్రి భార్య నిలబడి ఉంది. బయటికెళ్ళే చీరలో ఉంది, భుజానికి సంచి. ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. తళుకుల షావుకారుకు పెద్ద డిస్కులు వెంటనే వెతకాలన్న ఆలోచన గట్టిగా కలిగింది. అరల మధ్యకు వెళ్ళిపోయాడు, చెవులు మాత్రం బల్ల దగ్గరే వదిలి.

"ఏ కాలు?" అన్నాడు మేస్త్రి, అర్థమయ్యీ అర్థం కానట్టు.

"మీరు ఇప్పుడు తిట్టారే, ఆ కాలు. పిల్లనెందుకు అంటారు, అది బ్రేకు నొక్కితే గాజు గ్లాసు బల్ల మీద పెట్టినట్టుంటుంది. ఏడాదిగా ఆదివారాలు దాని బండి తోలుతున్నది నేను. నీళ్ళ ట్యాంకు వెనక వాలు మీద నేర్పింది." ఆవిడ గొంతులో కోపం లేదు. కొలత చెబుతున్నట్టు చెప్పింది. "భయమేసేది. దిగినంతసేపూ కాలు బ్రేకు మీదే ఉంచేదాన్ని. కిందికి వచ్చి బండి ఆగిపోయాక కూడా తీసేదాన్ని కాదు. తీస్తే కదిలిపోతుందని, కదిలితే ఎవరో అరుస్తారని."

మేస్త్రి చేతిలో పాత డిస్కు ఉంది. దాన్ని తిప్పాడు. నల్లటి మచ్చ, ప్యాడు ఆకారంలో, అచ్చు గుద్దినట్టు. ఎర్రగా కాగిన డిస్కును ప్యాడు కదలకుండా పట్టుకుని ఉంటేనే ఆ మచ్చ పడుతుంది. దూకుడుగా తోలేవాడు ఆగీ ఆగగానే కాలు తీసేస్తాడు. వాడి డిస్కు నీలం పడుతుంది కానీ మచ్చ పడదు. ఈ సంగతి ఆయన పనిలోకి వచ్చిన ప్రతివాడికీ మొదటి వారంలోనే చెబుతాడు. తన మేనకోడలి డిస్కు దగ్గరకొచ్చేసరికి, ముందే తీర్పు రాసిపెట్టుకుని, సాక్ష్యం సగం చూసి ఊరుకున్నాడు.

అంతకన్నా ఆ 'ఎవరో' అనే మాట ఆయన్ని కోసింది. ఎవరో కాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. అరల మధ్య ఉన్న నాలుగో ఆయనకీ తెలుసు. ఎందుకంటే ఆ కథ మేస్త్రే ఆయనకి చెప్పాడు.

పెళ్ళైన కొత్తలో మేస్త్రి ఒక డొక్కు కారు బాగుచేసి భార్యకు తోలడం నేర్పుతానని ఎక్కించాడు. కూరల బజారు ఎత్తులో బండి ఆగింది. వెనక హారన్లు. ఆవిడ బ్రేకు మీద కాలు బిగించి వదల్లేదు. వదలమని ఒకసారి చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు, మూడోసారి బజారంతా తిరిగి చూసేలా అరిచాడు. "మిషను తొక్కుకునే కాలికి కారెందుకు?" అన్నాడు. ఆవిడ హ్యాండ్ బ్రేకు లాగి, దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసి, ఇంటికి నడిచి వెళ్ళింది. ఆ మాట అనడం ఒక ఎత్తు. దాన్ని ఆయన హాస్యంగా చేసుకుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మరో ఎత్తు. ఆవిడ పక్కన కూర్చుని ఉండగా కూడా చెప్పాడు. అందరూ నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వుతోందని అనుకునేవాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఈయన జారిన నోటిని ఇరవై ఏళ్ళుగా మళ్ళీ మళ్ళీ జార్చుకుంటూ వచ్చాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే ఏమనేవారు?"

ఏమనేవాడో ఆయనకు తెలుసు. ఆవిడకూ తెలుసు.

"లైసెన్సు కూడా వచ్చింది మామయ్యా, అత్తయ్యకి," అంది పిడుగు మెల్లగా. "మొదటిసారికే పాసైంది. ఇప్పుడు కాలు కూడా సర్దుకుంది. ఈ డిస్కులు పాడైంది మొదటి నెలల్లో. నేనే పట్టించుకోకుండా వదిలేశాను."

పెద్ద డిస్కులు వచ్చాయి. సాదావి, బరువైనవి. రెండు పలకల మధ్య గాలి పోయే సందులున్నవి. మేస్త్రి ఒక్కొక్కటీ వేలితో కొట్టి మోత విన్నాడు, పాత డిస్కు మీద బోర్లించి కొలత చూశాడు, బోల్టుల కన్నాలు చూశాడు. "ఇవి," అన్నాడు. వాటిని ఆవిడ వైపు జరిపాడు. "వాలు దిగడానికి ఇవే మంచివి. ఇనుము ఎక్కువుంటే వేడిని మింగుతుంది. కాలు మీద ఉన్నా... ఉంటే ఉండనీ, తట్టుకుంటాయి." ప్యాడ్లు కూడా కొత్తవి తీశాడు. పాత ప్యాడ్లతో కొత్త డిస్కుకు పొసగదు.

షెడ్డుకు వచ్చి పనిలో కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ పనిచేసేటప్పుడు ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఆ రోజు షెడ్డులో ఇనుము చప్పుడు తప్ప ఏదీ లేదు. డిస్కు కూర్చునే చోట తుప్పు పొర ఉంటే దాన్ని అలాగే వదిలేసి కొత్తది బిగించేవాళ్ళు చాలామంది. ఆ పొర వల్ల డిస్కు ఇసుమంత వంకరగా కూర్చుంటుంది, నెల తిరిగేసరికి మళ్ళీ వణుకు. మేస్త్రి ఇనప బ్రష్షుతో రుద్దాడు, గరుకు కాగితంతో రుద్దాడు, గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, మళ్ళీ రుద్దాడు. కొత్త డిస్కుల మీది నూనె పూత కడిగాడు. ప్యాడు జారే పిన్నులకు మెత్తగా గ్రీజు రాశాడు. ఇంత శ్రద్ధగా ఆయన ఏనాడూ పనిచేయలేదు. అదొక్కటే ఆ పూట ఆయనకు చేతనైన క్షమాపణ.

భార్య స్టూలు మీద కూర్చుని చూస్తోంది. పిడుగు ఆవిడ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. మేస్త్రికి అది చూస్తుంటే ఎక్కడో ఆశ మొలిచింది. పని అయిపోతే ముగ్గురూ ఇదే బండిలో ఇంటికెళ్తారు. ఆవిడే తోలనీ. తను కిక్కురుమనడు.

"ఆ రోజు బజారులో..." అని మొదలుపెట్టాడు, చక్రం ఎత్తి పెడుతూ.

ఆవిడ ఆగింది. నిజంగానే ఆగింది. ఆ మాట పూర్తవుతుందేమోనని ఆయన చేతులకేసి చూసింది. వందల మందికి నవ్వుతూ చెప్పిన కథ అది. నవ్వకుండా చెప్పాల్సి వచ్చేసరికి ఒక్క ముక్క కూడా రాలేదు.

"చక్రం బిగించండి," అంది ఆవిడ కాసేపు చూసి. "పొద్దు వాలుతోంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత బోల్టులు బిగిస్తున్నంతసేపూ ఆయనకు ఎన్నో మాటలు తట్టాయి. తప్పు నాదే అనే రెండు ముక్కలు చాలునని కూడా తట్టింది. అప్పటికి ఆవిడ లేచి చేతులు కడుక్కుంటోంది.

కొత్త డిస్కులు వేసిన బండిని కాస్త తిప్పి చూడాలి. ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటుపడాలి. మేస్త్రి అలవాటు కొద్దీ డ్రైవరు సీటు తలుపు మీద చెయ్యి వేశాడు. ఆవిడ వచ్చి నిలబడింది. చెయ్యి తీశాడు. పక్క సీటు తలుపు దగ్గరకు వెళ్ళాడు.

"అక్కడ పిడుగు కూర్చుంటుంది," అంది. "నాకు పక్కన అరిచేవాళ్ళు వద్దు. మీరు వెనక కూర్చోండి."

మేస్త్రి వెనక కూర్చున్నాడు. ఆ బుల్లి బండి వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆవిడ అద్దం సర్దుకుంది, సీటు సర్దుకుంది, గేరు వేసింది. బండి ఏ కుదుపూ లేకుండా షెడ్డు దాటింది. టైర్ల షాపు దాటింది. తళుకుల షావుకారు గుమ్మంలోకి వచ్చి నిలబడి చూశాడు. ఆవిడ తోలుతున్న తీరు చూస్తే మేస్త్రికి గుడ్డ కత్తిరించేటప్పటి ఆవిడ చెయ్యి గుర్తొచ్చింది. తొందర లేదు, తడబాటు లేదు. ఇరవై ఏళ్ళ కిందటే ఇలా తోలగలిగేదని, అడ్డుపడింది తన నోరేనని ఆయనకు స్పష్టంగా అర్థమైంది.

"కొంచెం వేగం పట్టాక బ్రేకు మెల్లగా పట్టుకో. పూర్తిగా ఆగకముందే వదిలెయ్యి," అన్నాడు, వీలైనంత చిన్న గొంతుతో. "అలా కొన్నిసార్లు చెయ్యాలి."

ఆవిడ అలాగే చేసింది. పట్టింది, వదిలింది. మళ్ళీ పట్టింది, వదిలింది. ఆయన ముందు సీటు వీపు మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. వణుకు లేదు. నాలుగోసారి కాస్త గట్టిగా పట్టేసరికి వెనక డిక్కీలో ఏదో బరువైనది జరిగి ఆయన సీటు వీపుకు తగిలింది.

మేస్త్రి వెనక్కి తిరిగి డిక్కీ మీది పలక ఎత్తాడు. రెండు పెట్టెలు. వాటి మధ్య దుప్పటి చుట్టిన ఒక మూట. దుప్పటి అంచు తొలగిన చోట నల్లటి ఇనుము, దాని మీద బంగారు రంగు పూల తీగ. ఆ తీగ కొసలో పెచ్చు ఎక్కడ లేచిందో కూడా ఆయనకు తెలుసు. రోజూ పొద్దున్నే లేచి చూసే కుట్టుమిషను అది.

"ఇదెందుకు ఇక్కడుంది?" అన్నాడు.

బండి అప్పటికి ఊరి చివర, కొండ వాలు దారి మొదలయ్యే చోటికి వచ్చింది. ఆవిడ దాన్ని పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆపలేదు. అద్దంలోంచి చూస్తూ మాట్లాడింది.

"కింది ఊళ్ళో నా స్నేహితురాలికి బట్టలు కుట్టే కార్ఖానా ఉంది. కత్తిరింపు పనంతా నన్ను చూసుకోమంది. ఉండడానికి గది ఇచ్చింది. రేపట్నుంచి పని."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

పిడుగు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల భుజాలు చూస్తే ఇదంతా దానికి ముందే తెలుసని, తెలిసినందుకు సుఖంగా లేదని మేస్త్రికి అర్థమైంది.

"ఇక్కణ్ణించి కిందికి అంతా వాలే," అంది ఆవిడ. "మీరు బ్రేకు బాగుందంటే, మిమ్మల్ని ఇక్కడ దింపి ఇటునుంచి ఇటే దిగుతాం. షెడ్డుకు నడక దూరమే. బాగాలేదంటే వెనక్కి తిప్పుతాను. వేరే షెడ్డుకు పోదామని పిడుగు అంది. నేనే వద్దన్నాను. నన్ను ఎన్ని అన్నా, బ్రేకు విషయంలో మీరు అబద్ధం చెప్పరు. దాని మీద నాకు నమ్మకం." చెయ్యి గేరు మీద పెట్టింది. "ఎలా ఉంది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బ్రేకు ఎలా ఉందో ఆయన అరచేతికి తెలుసు. ఇంత బాగా కుదిరిన పని ఆయన బతుకులో ఎక్కువసార్లు జరగలేదు. తుప్పు రుద్ది రుద్ది, తుడిచి తుడిచి, ఆవిడ వెళ్ళే దారిని తన చేతులతోనే నునుపు చేసి పెట్టాడు. బాగుందని ఒక్క మాట అంటే చాలు, అది నిజం కూడా. అన్నాక తలుపు తీసుకుని దిగాలి. ఆ ఇంటికి నడిచి వెళ్ళాలి. అక్కడ మిషను చప్పుడు కూడా ఉండదు.

"వణుకు ఇంకా ఉంది," అన్నాడు మేస్త్రి. "వెనక్కి తిప్పు. రేపు విప్పి మళ్ళీ చూస్తాను."

పిడుగు చప్పున తల తిప్పి ఆయన్ని చూసింది. చిన్నప్పుడు షెడ్డులో కూర్చోబెట్టుకుని స్టీరింగు మీద చెయ్యి వేయించి, ఇది వణుకు, ఇది వణుకు కాదు అని నేర్పింది ఆయనే.

ఆవిడ బండిని మళ్ళీ దారి మీదికి తెచ్చింది. వాలు మీద కొంచెం వేగం పట్టనిచ్చింది. స్టీరింగు మీద రెండు వేళ్ళు మాత్రమే ఆనించి బ్రేకు నొక్కింది. బండి గీత గీసినట్టు నిటారుగా వెళ్ళి నిలబడింది. ఆ రెండు వేళ్ళూ కదల్లేదు. హ్యాండ్ బ్రేకు లాగి, కాలు తీసి, ఇంజను ఆపింది. అప్పుడు సీట్లో వెనక్కి తిరిగి, ఈసారి అద్దంలోంచి కాకుండా సూటిగా భర్త మొహంలోకి చూసింది.

"మళ్ళీ చెప్పండి," అంది.